మిరపకు ఏ పురుగు మందు కొనాలి? వాసన చూసి కాదు, లేబుల్ చదివి

"ముడతకి ఏదన్నా గట్టి మందు ఇవ్వండి." మందుల షాపు కౌంటర్ దగ్గర మా నాన్న ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటాడో లెక్కే లేదు. గుంటూరు చుట్టుపక్కల మిరప వేసే ఏ ఊళ్లో చూసినా ఇదే వరస. షాపాయన వెనక్కి తిరిగి అరలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెడతాడు, మనం మూత తిప్పి వాసన చూస్తాం, ముక్కు అదిరిందంటే "ఆ, ఇది పనిచేస్తుంది" అనుకుని డబ్బులు కట్టి వచ్చేస్తాం. చాలా ఏళ్లు నేనూ అలాగే కొన్నాను. ఆ పద్ధతి తప్పని నాకు తెలిసింది ఆస్పత్రి మంచం పక్కన.

నాలుగేళ్ల క్రితం డిసెంబర్‌లో, కాయ దిగుతున్న సమయం. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపి వచ్చే మందు కొడుతున్నాం. బ్యాటరీ పంపు మూత దగ్గర వాషర్ అరిగిపోయి నీళ్లు కారుతున్నాయి, నాన్న చొక్కా వెనకంతా తడిసి వీపుకు అతుక్కుపోయింది, మార్చుకోమంటే "ఇంకెంత, నాలుగు ట్యాంకులేగా" అని అలాగే పూర్తి చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా చెమట, నోట్లో ఉమ్మి ఆగకుండా ఊరుతోంది, చూపు మసక. కాసేపటికి తొడ కండరాలు వాటంతటవే అదరడం మొదలైంది. గుంటూరు తీసుకొచ్చాం. డ్యూటీ డాక్టరమ్మ టార్చి వేసి కళ్లు చూస్తే కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందు కొట్టారు? డబ్బా తెచ్చారా?" తేలేదు. తెల్ల డబ్బా, నీలం మూత అని మాత్రం చెప్పగలిగాను. తమ్ముడు ఆ రాత్రి పొలానికి బండేసుకుని వెళ్లి, బోరు పక్కన పడేసిన ఖాళీ డబ్బాల్లో వెతికి, సెల్‌ఫోన్ లైటులో లేబుల్ ఫొటో తీసి పంపాడు. లక్షణాలు చూసి ఆవిడ అప్పటికే అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టింది కాబట్టి నాన్న మాకు దక్కాడు.

అప్పటి నుంచి డబ్బా మీద ఉన్న ప్రతి అక్షరం చదువుతున్నాను. గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రమైన లాం ఫారానికి వెళ్లి అడిగాను, రైతు సేవా కేంద్రంలో అడిగాను. ఏ మందు ఎందుకు కొనాలో, ఏది ఎందుకు వదిలేయాలో నాకు ఇప్పుడు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

డబ్బాలో అసలేముంది

పురుగును చంపే పదార్థాన్ని షాపుల్లో "టెక్నికల్" అంటారు. డబ్బాలో అది కొంతే. "ఇమిడాక్లోప్రిడ్ 17.8% ఎస్‌ఎల్" అని ఉంటే 100 గ్రాముల మందులో అసలు విషం 17.8 గ్రాములు, మిగిలిన 82 గ్రాములు దాన్ని కరిగించే ద్రావకం, నీళ్లతో కలిపే ఎమల్సిఫయర్, ఆకుకు అంటుకునేలా చేసే జిగురు లాంటివి. ఈ మిగతా భాగాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ మనిషికి హాని ఎంతన్నది చాలావరకు దాని మీద ఆధారపడి ఉంటుంది. అంకె పక్కన ఉండే ఆ రెండు అక్షరాలు చెప్పేది దాని గురించే.

ఈసీ అంటే టెక్నికల్‌ను నూనె లాంటి పెట్రోలియం ద్రావకంలో కరిగించారని అర్థం. నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా మారుతుంది చూడండి, అదే. ముక్కు అదిరే ఆ ఘాటు వాసన ఎక్కువగా ద్రావకానిది, పురుగును చంపే శక్తికీ దానికీ సంబంధం లేదు. పైగా ఆ ద్రావకం మన చర్మంలోని కొవ్వు పొరను కూడా కరిగిస్తుంది, విషాన్ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. నాన్న వీపు మీద జరిగింది అదే. ఎస్‌సీ అంటే టెక్నికల్‌ను మెత్తగా నూరి నీళ్లలో తేలేలా చేసిన చిక్కటి ద్రవం, వాసన పెద్దగా ఉండదు, చర్మం గుండా దిగడం తక్కువ. ఎస్‌ఎల్ అంటే నీళ్లలో పూర్తిగా కరిగేది. డబ్ల్యూపీ అంటే పొడి, ప్యాకెట్ కత్తిరించినప్పుడు గాలికి లేచి నేరుగా ముక్కులోకి పోతుంది. ఎస్‌జీ, డబ్ల్యూజీ అంటే గుళికల్లా ఉండేవి, చిందవు, ఎగరవు, కొలవడం తేలిక. ఒకే పురుగుకు ఈసీలోనూ ఎస్‌సీలోనూ సరైన మందు దొరికితే నేను కళ్లు మూసుకుని ఎస్‌సీ తీసుకుంటాను, పొడి, గుళికలు రెండూ ఉంటే గుళికలు తీసుకుంటాను. ధర కొంచెం ఎక్కువైనా సరే.

రంగు త్రికోణం

ప్రతి లేబుల్ మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది, దాని కింది సగంలో రంగు వేసి ఉంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం ఇది వేయాల్సిందే. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులు. ఎలుకలకు తినిపించి చూసినప్పుడు, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు ఇస్తే సగం ఎలుకలు చనిపోతాయో ఆ అంకెను బట్టి ఈ రంగు ఇస్తారు. 50 లోపు అయితే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆ పైన ఆకుపచ్చ. చర్మం మీద పడితే ఎంత ప్రమాదమో కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఈ అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దదని గుర్తుపెట్టుకోండి, చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. మనం కూరలో వేసే ఉప్పుకు ఈ అంకె సుమారు 3000. మోనోక్రోటోఫాస్‌కు 14. క్లోర్‌పైరిఫాస్‌కు 135. ఇమిడాక్లోప్రిడ్‌కు 450. క్లోరాంట్రానిలిప్రోల్‌కు 5000 పైన. ఇవి అసలు టెక్నికల్‌కు వేసిన అంకెలు, డబ్బాలో దాన్ని ఎంత పలచన చేశారన్న దాన్ని బట్టి లేబుల్ రంగు మారవచ్చు.

ఈ రంగు చెప్పేది ఒక్కసారి ఎక్కువ మోతాదు ఒంట్లోకి పోతే ఏమవుతుందన్నది మాత్రమే. పదేళ్లపాటు కొంచెం కొంచెం పీలిస్తే ఏమవుతుందో, తేనెటీగకు ఏమవుతుందో, చెరువులో చేపకు ఏమవుతుందో ఇది చెప్పదు. అందుకని ఆకుపచ్చ త్రికోణం చూసి చొక్కా విప్పేసి కొట్టొద్దు.

పాత మందులు: ఆర్గానోఫాస్ఫేట్లు

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, ట్రైజోఫాస్, ఇవన్నీ ఒకే కుటుంబం. పురుగు నరాల్లో ఒక సంకేతం వెళ్లాక దాన్ని ఆపేసే ఎంజైము ఒకటి ఉంటుంది, దాని పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ మందులు ఆ ఎంజైమును పట్టి కట్టేస్తాయి, సంకేతం ఆగకుండా కొట్టుకుంటూ పురుగు చచ్చిపోతుంది. ఇబ్బంది ఏమిటంటే సరిగ్గా అదే ఎంజైము మన నరాల్లోనూ ఉంది. చెమట, ఉమ్మి, వాంతులు, కంటిపాప చిన్నదవడం, కండరాల అదురు అన్నీ అందుకే. ధర తక్కువ, పురుగు కళ్ల ముందే రాలిపోతుంది కాబట్టి రైతుకు నమ్మకం కుదురుతుంది, నాకు అర్థమవుతుంది. కానీ 12 ఎకరాలకు కూలికి మందు కొట్టే మనిషి రోజంతా దీంట్లోనే ఉంటాడు.

ప్రభుత్వం కూడా వీటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ వస్తోంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే చెప్పారు. ఫోరేట్, ట్రైజోఫాస్, ఫాస్ఫామిడాన్, డైక్లోర్‌వాస్ 2020 చివరికి ఆగిపోయాయి. క్లోర్‌పైరిఫాస్ పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు చేస్తుందన్న ఆందోళనతో యూరప్ 2020లో దాన్ని మానేసింది. ఆ పాత డబ్బా ఇంకా కొట్టంలో ఉంది కదా, వాడేద్దాం అనుకోకండి. మిరప మీద ఈ కుటుంబాన్ని నేను పూర్తిగా వదిలేశాను. ఒకే ఒక్క మేలు చెప్పాలంటే వీటికి విరుగుడు ఉంది, అట్రోపిన్, పామ్ అనే ఇంజెక్షన్లు, సమయానికి ఆస్పత్రికి చేరితే డాక్టర్లకు ఏం చేయాలో తెలుసు.

పైరెత్రాయిడ్లు

సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్, డెల్టామెత్రిన్. చామంతి జాతి పువ్వులో ఉండే పైరెత్రిన్‌ను చూసి ఫ్యాక్టరీలో తయారు చేసినవి. ఇంట్లో గోడకు ప్లగ్ పెట్టే దోమల మందులోనూ దీని చుట్టాలే ఉంటాయి. పురుగుతో పోలిస్తే మన శరీరం దీన్ని త్వరగా విరగ్గొట్టేస్తుంది, అది మేలే, కాకపోతే మొహం మీద పడితే గంటల తరబడి మంట, జివ్వుమని చిమచిమలు, ప్రత్యేకమైన విరుగుడు లేదు. చేపలకు, రొయ్యలకు మాత్రం ఇది ఘోరమైన విషం. కాలవలో పంపు కడిగే అలవాటు ఉన్నవాళ్లు, సాగర్ కాలవైనా బందరు కాలవైనా, ఆ నీళ్లు కింద ఎవరి చెరువులోకి పోతున్నాయో ఒక్కసారి ఆలోచించండి.

దీని ఇంకో కథ మన జిల్లా పెద్దలకు బాగా తెలుసు. 1980ల్లో పత్తికి పైరెత్రాయిడ్లు వచ్చిన కొత్తలో మంత్రంలా పనిచేశాయి, వారానికోసారి కొట్టారు, 1987 వచ్చేసరికి శనగపచ్చ పురుగు లొంగడం మానేసింది, పత్తి మొత్తం పోయింది. మిరపలో ఇవి ఎక్కువ కొడితే ఇంకో తంటా, తెల్లనల్లిని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి, నల్లి పెరిగిపోయి కింది ముడత, అంటే ఆకు కిందికి ముడుచుకోవడం, రెట్టింపవుతుంది. ముడతకని కొట్టిన మందే ముడత తెస్తుంది. మిరపకు నేను వీటిని సలహా ఇవ్వను.

నియోనికోటినాయిడ్లు

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిటామిప్రిడ్. పొగాకులో ఉండే నికోటిన్ పనిచేసే చోటే ఇవీ పనిచేస్తాయి, కానీ పురుగు నరాలకు గట్టిగా, మన నరాలకు వదులుగా అతుక్కుంటాయి, అందుకే కొట్టే మనిషికి పాత మందుల కన్నా చాలా నయం. రసం పీల్చే పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమకు మంచివి. మొక్క లోపలికి పోయి రసమంతా పాకుతాయి, వాన పడ్డా పోవు. ఆ లాభమే నష్టం కూడా. పువ్వులోని పుప్పొడికి, తేనెకు కూడా చేరతాయి కాబట్టి తేనెటీగలకు ముప్పు, ఆ కారణంగానే యూరప్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్‌లను ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపేసింది. కాయలోకి కూడా చేరతాయి, కడిగినా పోవు. నా మాట, విత్తన శుద్ధికి, నారు దశకు వాడండి, పూత మొదలైతే ఆపేయండి.

కొత్త తరం

గొంగళి పురుగులకు, అంటే కాయతొలుచు పురుగుకు, లద్దె పురుగుకు నేను ముందు చూసేది క్లోరాంట్రానిలిప్రోల్ 18.5% ఎస్‌సీ, కొరాజెన్ పేరుతో మొదట వచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. పురుగు కండరాల్లో కాల్షియం గేటును తెరిచిపెట్టేస్తుంది, కండరం పట్టేసి పురుగు మేత మానేస్తుంది. మన కండరాల్లోని గేటు ఆకారం వేరు, దానికి ఇది దాదాపు అతుక్కోదు. ఎకరానికి 60 మి.లీ. చాలు, అందులో అసలు విషం 12 గ్రాములు. అదే ప్రొఫెనోఫాస్ 50% ఈసీ లీటరుకు 2 మి.లీ. చొప్పున 200 లీటర్లలో కలిపితే అసలు విషం సుమారు 200 గ్రాములు మన పొలంలో పడుతుంది. డబ్బా ధర పక్కన పెట్టి ఈ లెక్క చూడండి. ఒక చిక్కు ఉంది, పురుగు వెంటనే రాలదు, రెండు మూడు రోజులు ఆకు మీదే కదలకుండా ఉంటుంది, "మందు పనిచేయలేదు" అని మర్నాడే ఇంకోటి కొట్టేవాళ్లను చూశాను. ఆగండి. ఆకు మీద కొత్త కొరుకుడు ఉందో లేదో చూడండి, పురుగును కాదు.

స్పినోసాడ్ కథ నాకు చాలా ఇష్టం. 1982లో కరీబియన్ దీవుల్లో మూతపడ్డ ఒక రమ్ము ఫ్యాక్టరీ దగ్గర తీసిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది, అది పులియబెట్టినప్పుడు తయారు చేసే పదార్థమే ఈ మందు. ఎమామెక్టిన్ బెంజోయేట్ కూడా అలాంటిదే, జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన అవర్‌మెక్టిన్ కుటుంబం, మనుషులకు నులిపురుగులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కూడా ఆ ఇంటి బిడ్డే, ఆ సూక్ష్మజీవిని కనిపెట్టిన సతోషి ఓమురాకు 2015లో నోబెల్ వచ్చింది. స్పినోసాడ్ తామర పురుగుకు, కాయతొలుచు పురుగుకు రెండింటికీ పనికొస్తుంది, మనిషికి హాని చాలా తక్కువ, కానీ తడిగా ఉన్నంతసేపు తేనెటీగను చంపుతుంది కాబట్టి సాయంత్రం ఐదు దాటాకే కొట్టండి. ఎమామెక్టిన్ టెక్నికల్‌గా చూస్తే గట్టి విషమే, అంకె 76 దగ్గర, డబ్బాలో 5 శాతమే ఉండి గుళికల రూపంలో రావడం వల్ల వాడేవాడికి ప్రమాదం తగ్గింది. ఒకే పదార్థం, ఎలా తయారు చేశారన్న దాన్ని బట్టి ఎంత తేడా వస్తుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నల్లికి వేరే మందు. పై ముడత అంటే ఆకు పైకి దొన్నెలా ముడుచుకుంటే తామర పురుగు, కింది ముడత అంటే ఆకు కిందికి తిరగేసిన పడవలా వంగితే తెల్లనల్లి. ఈ రెండూ కలిపి "ముడత మందు" అని అడిగితే షాపాయన రెండు మూడు డబ్బాలు ఇస్తాడు, అవసరం ఒక్కటే. కింది ముడతకు డయాఫెంథియురాన్ లాంటి నల్లి మందు ఒక్కటే సరిపోతుంది.

ఇక 2021లో వచ్చి మన మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు సంగతి. అది పువ్వుల్లోపల దాక్కుంటుంది, పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. ఆ ఏడాది రోజు మార్చి రోజు కొట్టినవాళ్లున్నారు, ఐదు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినవాళ్లున్నారు, పంట దక్కలేదు, అప్పు మిగిలింది. దీనికి నీలం రంగు జిగురు అట్టలు, చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్న లేదా మొక్కజొన్న, యూరియా తగ్గించడం, వేపనూనె, వీటితో పాటు మందును మార్చి మార్చి కొట్టడం తప్ప ఒక్క డబ్బాతో పని జరగదు. మార్చడం అంటే కంపెనీ పేరు మార్చడం కాదు, టెక్నికల్ కుటుంబం మార్చడం. ఐదు పేర్లతో ఐదు డబ్బాలు కొన్నా లోపల ఒకే ఇమిడాక్లోప్రిడ్ ఉండొచ్చు.

"బయో" అన్న మాట

ఇది రాయకుండా ఉండలేను. వేపనూనె మంచిదే. అందులో పనిచేసే పదార్థం అజాడిరాక్టిన్ ఎంత ఉందో లేబుల్ మీద ఉంటుంది, 300, 1500, 10000 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అని, 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మి.లీ. పురుగును వెంటనే చంపదు, గుడ్లు పెట్టనివ్వదు, కుబుసం విడవనివ్వదు, అందుకే పురుగు కనిపించకముందే మొదలుపెట్టాలి. బవేరియా లాంటి శిలీంధ్రపు మందులు తేమ ఉన్న రోజుల్లో బాగా పనిచేస్తాయి, మే నెల ఎండలో కొడితే డబ్బులు గాలికి పోసినట్టే.

కానీ సహజం అన్నంత మాత్రాన సురక్షితం కాదు. పొగాకు కషాయం మన జిల్లాలో పాత అలవాటు, అందులో ఉండే నికోటిన్‌కు ఆ ఎలుకల అంకె 50, అంటే చాలా పురుగు మందుల కన్నా ఘాటు. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది దానివల్లే. కషాయం కాచి చేత్తో కలిపేవాళ్లు దయచేసి గ్లవ్స్ వేసుకోండి. వేపనూనె కూడా పసిపిల్లల నోట్లో పోయకూడదు, మెదడు వాచి ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలున్నాయి.

అన్నింటికన్నా నాకు భయం వేసేది ఇంకోటి. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, లోపల ఏముందో రాయకుండా, "బయో", "హెర్బల్", "సముద్రపు నాచు సారం" అని రంగుల బొమ్మలతో అమ్మే డబ్బాలు. మా బాబాయి ఒకసారి అలాంటిదే తెచ్చాడు, ఎకరానికి 100 మి.లీ., ధర రెండు వేల పైనే. కొట్టిన అరగంటలో పురుగు తలకిందులై రాలింది. వేప సారమో ఆకు రసమో అరగంటలో పురుగును రాల్చదు. లోపల రసాయనం కలిపి ఉండాలి, ఏ రసాయనమో మనకు తెలియదు, డాక్టరుకు చెప్పలేం, ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో తెలియదు, యార్డులో కొన్న వ్యాపారి ల్యాబ్‌కు పంపితే ఏది బయటపడుతుందో తెలియదు. ఎర్ర త్రికోణం ఉన్న మందు కొంటే కనీసం ఎర్రదని తెలిసి కొంటాం. ఇది దానికన్నా అధ్వానం. సీఐబీ (కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు, టెక్నికల్ పేరు, త్రికోణం, ఈ మూడూ లేని డబ్బాను పురుగు మందుగా ఎవరు చెప్పినా కొనొద్దు. బిల్లు ఇవ్వనంటే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

ఎన్ని రోజులు ఆగాలి

మందు కొట్టాక కాయ కోయడానికి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ కరపత్రంలో ఉంటుంది. మిరప మీద స్పినోసాడ్‌కు 3 రోజులు, ఎమామెక్టిన్‌కు 3, క్లోరాంట్రానిలిప్రోల్‌కు 3, ఫిప్రోనిల్‌కు 7, ఇమిడాక్లోప్రిడ్ 17.8% ఎస్‌ఎల్‌కు ఏకంగా 40 రోజులు. పచ్చిమిర్చి వారం వారం కోసి విజయవాడ మార్కెట్‌కు పంపేవాళ్లు ఈ ఒక్క అంకె చూసి మందు ఎంచుకుంటే చాలు, సగం సమస్య తీరుతుంది. ఎండుమిర్చికి ఆరబెడుతున్నాం కదా, ఎండకు పోతుందిలే అనుకోవద్దు. నాలుగైదు కిలోల పండు కాయ ఎండితే కిలో అవుతుంది, నీళ్లు పోయి మందు అవశేషం చిక్కబడుతుంది. యూరప్‌కు పంపే సరుకులో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందు ఏదైనా ఉంటే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, అంటే వంద టన్నుల కాయలో ఒక్క గ్రాము. తేజ రకం పండించి ఎగుమతి ధర ఆశించేవాళ్లు కోతకు నెల ముందు నుంచి ఏం కొట్టారో తేదీలతో రాసిపెట్టుకోండి.

ఈ రోజుల లెక్క తినేవాళ్ల కోసమే కాదు. మందు కొట్టిన మర్నాడే కోత కూలీలు దిగితే, వాళ్ల చేతులు, ముంజేతులు, చీర కొంగు అన్నీ ఆ ఆకులకే రాసుకుంటాయి. వాళ్లలో పిల్లలకు పాలిచ్చే తల్లులు ఉంటారు. మా చేలో ఇప్పుడు మందు కొట్టిన తేదీ గట్టు మీద కర్రకు కట్టిన అట్ట మీద రాస్తున్నాం.

నేను ఏది ఎంచుకుంటాను

కాయతొలుచు పురుగు, లద్దె పురుగు ఉంటే ఎకరానికి నాలుగైదు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను లాగేవి) పెట్టి, బుట్టలో రెక్కల పురుగులు పెరిగినప్పుడే క్లోరాంట్రానిలిప్రోల్, తర్వాతి విడతకు ఎమామెక్టిన్. తామర పురుగు ఉంటే వేపనూనెతో మొదలుపెట్టి స్పినోసాడ్‌కు వెళ్తాను. నారు దశలో రసం పీల్చే పురుగులుంటే నియోనికోటినాయిడ్ ఒక్కసారి. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ మిరపకు ఇక కొనను. మేడ మీద కుండీల్లో నాలుగు మిరప మొక్కలు, వంగ మొక్కలు పెంచుకునే విజయవాడ వాళ్లు అడుగుతుంటారు, మీకు వీటిలో ఏదీ వద్దు, పేనుబంకను నీళ్ల ధారతో కడిగేయండి, పోకపోతే వేపనూనెలో కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున కొట్టండి. పొలం మందు చిన్న సీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కొనుక్కుని తినేవాళ్లు కాయను పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే పైన అంటుకున్నదాంట్లో చాలావరకు పోతుంది, లోపలికి పాకిన మందు మాత్రం పోదు.

ఏ మందు కొన్నా అతి ప్రమాదకరమైన క్షణం ట్యాంకులో కలపని చిక్కటి మందు చేతికి తగిలే క్షణం. మూతతో కొలిచి వేలితో తుడవడం మానేయండి, నైట్రైల్ గ్లవ్స్ పెద్ద ఖర్చు కాదు. మాస్క్ కన్నా ముందు చేతులు, వీపు, పంపు వాషర్ చూసుకోండి. గాలికి ఎదురుగా నడవొద్దు. ఒంటి మీద పడితే బట్టలు వెంటనే తీసేసి సబ్బుతో కడగాలి. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించడాలు, మజ్జిగ తాగించడాలు వద్దు, 108కి ఫోన్ చేసి డబ్బాతో సహా ఆస్పత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, డాక్టర్లు కూడా దీనికి ఫోన్ చేసి అడగొచ్చు.

ఖాళీ డబ్బాను మూడుసార్లు నీళ్లతో గిలకొట్టి ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు అడుగున మేకుతో చిల్లులు పెట్టండి. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉంది. చిల్లు పడ్డ డబ్బాలో ఎవరూ నూనె పోయరు. చిల్లు పెట్టే ముందు లేబుల్ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. మా ఇంట్లో ఆ ఫొటోలు నాన్న ఫోన్‌లోనూ, అమ్మ ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ ఉన్నాయి, ఆ రోజు ఏ మందు తీసుకెళ్తున్నా నాన్న పొలానికి బయలుదేరే ముందే దాని ఫొటో పంపేస్తాడు.